ఎకరం మెరక చేసి 60 ఫ్లాట్లు కడుతున్నారు, అభ్యంతరం దేని మీద పెట్టాలి?

శివారు_కాలనీ

అందరికీ నమస్కారమండి. భీమవరం శివారు పంచాయతీలో ఉన్న కాలనీ మాది. 4, 5 సెంట్లలో కట్టుకున్న డాబాలే ఎక్కువ. కాలనీకి తూర్పున ఆనుకుని ఎకరం స్థలం ఉంది. ఒకప్పుడు వరిచేను, తర్వాత చేపల చెరువు, ఇప్పుడు గట్లు పడగొట్టి మట్టి తోలుతున్నారు. స్టిల్టు (కింద పార్కింగ్‌కు వదిలే స్తంభాల అంతస్తు) మీద 5 అంతస్తులు, మొత్తం 60 ఫ్లాట్లు అని బోర్డు పెట్టారు. స్థలం రోడ్డు కంటే 2 అడుగులు పల్లం. రోడ్డు మీదికి ఇంకో 2 అడుగులు లేపుతామంటున్నారు, అంటే 4 అడుగుల మెరక.

రోడ్డు 30 అడుగులు. పక్కన అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతున్న సిమెంటు కాలువ. అది పొలాల్లోని మురుగు కోడులో కలుస్తుంది, కోడు యనమదుర్రు డ్రెయిన్‌లోకి పోతుంది. కోడు నిండిందంటే మా కాలువలో నీళ్లు కదలవు. మంచినీళ్లు పంచాయతీ ట్యాంకు నుంచి రోజు విడిచి రోజు. బోర్లన్నీ ఉప్పే.

కాలనీలో తలో మాట అంటున్నారు. అసలు అపార్ట్‌మెంటే వద్దని కొందరు, 3 అంతస్తులైతే ఒప్పుకుందామని కొందరు, ఎండ గాలి రావని రాద్దామని కొందరు. అర్జీలో ఏం రాస్తే నిలబడుతుంది? 4 అడుగుల మెరక మా ఇళ్లకు నిజంగా ప్రమాదమేనా? పైలింగ్ (పునాదికి లోతుగా కాంక్రీటు స్తంభాలు దింపడం) చేస్తే గోడలు బీటలిస్తాయా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

పునాది_పని

అంతస్తుల లెక్క మీద అర్జీ పెట్టకండి. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల్లో హైరైజ్ (ఎత్తైన భవనం) అనేది 18 మీటర్ల దగ్గర మొదలవుతుంది. స్టిల్టు + 5 ప్లాన్లన్నీ ఆ గీత లోపల ఉండేలాగే గీస్తారు. ఎత్తు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన జాగా పట్టిక ప్రకారం ఉంటే, మాకు ఇష్టం లేదన్న కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు. డెల్టాలో పక్కింటిని దెబ్బతీసేది పైన లేచే అంతస్తులకంటే ముందు కింద తోలే మట్టి. మీ కాగితం అక్కడ మొదలు కావాలి.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 4 అడుగులు అంటే 1.2 మీటర్లు. దగ్గరదగ్గర 4,850 ఘనపు మీటర్ల మట్టి. టిప్పరుకు 10 ఘనపు మీటర్లనుకుంటే 485 టిప్పర్లు, తవ్వినప్పుడు మట్టి ఉబ్బుతుంది కాబట్టి 600 వరకూ వస్తాయి. పంచాయతీ వేసిన 6 అంగుళాల సీసీ రోడ్డు ఆ బరువుకు వేసింది కాదు, అంచులు విరుగుతాయి, పక్క కాలువ గోడ లోపలికి వాలుతుంది. రోడ్డుకీ కాలువకీ ఇప్పుడే తేదీ కనపడేలా ఫోటోలు తీసి పంచాయతీకి ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. పని అయ్యాక మరమ్మతు ఎవరిదన్న తగువు అక్కడే తెగుతుంది.

ఇక అసలు సంగతి. 1.2 మీటర్ల మట్టి చదరపు మీటరుకు 2 టన్నుల పైచిలుకు బరువు. మన కింద ఉన్నది మెత్తని నల్లబంక. ఆ బరువు కింద బంకలోని నీళ్లు మెల్లిగా బయటికి పోతూ నేల కుంగుతుంది. ఇది నెలల్లో ఆగదు, ఏళ్లు పడుతుంది. కుంగుడు స్థలం హద్దు దగ్గర ఆగదు కూడా. మెరకకు ఆనుకుని ఉన్న మీ ప్రహరీ, మీ ఇంటి తూర్పు గోడ మెరక వైపు దిగుతాయి. అందుకే ఇలాంటి చోట్ల బీట ఇంటి మూల నుంచి కిటికీ వైపు ఏటవాలుగా పాకుతుంది. వాళ్ల అపార్ట్‌మెంట్ పైల్స్ మీద నిలబడుతుంది కాబట్టి దానికి వెంటనే ఏమీ కాదు. అయితే కుంగుతున్న బంక పైల్స్‌ను కూడా కిందికి లాగుతుంది. డిజైన్‌లో ఆ అదనపు బరువు పట్టుకున్నారా లేదా అన్నది కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న.

అది పాత చేపల చెరువు కాబట్టి ఇంకో చిక్కు ఉంది. మేత, పెంట కుళ్లి అడుగున నల్లబురద పేరుకుని ఉంటుంది. దాని మీదే మట్టి తోలితే బురద బరువు తక్కువ ఉన్న వైపుకు, అంటే మీ వైపుకు, ఉబుకుతుంది. పద్ధతి ఏమిటంటే నీళ్లు తోడేసి, బురద మొత్తం ఎత్తి, గట్టి నేల తగిలాక 8, 9 అంగుళాల పొరలుగా మట్టి పరిచి, తడి సరిచూసి రోలర్‌తో తొక్కించాలి. ఒకేసారి 4 అడుగులు తోలి జేసీబీతో చదును చేస్తే అది మెరక కాదు, పోసిన కుప్ప. అడుగు పొరల దశలోనే ఫోటోలు తీయండి, పైన కప్పేశాక ఎవరూ నిరూపించలేరు.

హద్దు గోడ గురించి కూడా రాయండి. 9 అంగుళాల ఇటుక ప్రహరీ 4 అడుగుల తడిమట్టి తోపుడును ఆపలేదు, మొదటి తుఫానుకే మీ వైపు పడుతుంది. ఆర్‌సీసీ రిటైనింగ్ గోడ కావాలి, వెనక కంకర పొర, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కావాలి. ఆ రంధ్రాలు మీ పెరట్లోకి తెరుచుకోకూడదు, వాళ్ల లోపలి కాలువలోకే పోవాలి. డ్రాయింగ్‌లో చూసుకోండి.

పైలింగ్ సంగతికొస్తే, సుత్తితో దిగగొట్టే పైల్స్ అయితే అదురుకి పాత గోడలు బీటలిస్తాయి. బోరు వేసి కాంక్రీటు పోసే పైల్స్‌కు అంత అదురు ఉండదు. బోరు వేసే పైల్స్ మాత్రమే అని షరతు అడగండి. సెల్లార్ ఉందంటే మాత్రం వద్దని గట్టిగా పట్టుబట్టండి. మన దగ్గర వానాకాలంలో మీటరు తవ్వితే నీళ్లు. సెల్లార్ కోసం రోజుల తరబడి మోటార్లతో తోడితే మీ పునాదుల కింద నీళ్లు కూడా పోయి ఇల్లు కుంగుతుంది.

సాయిల్ టెస్ట్ ఎన్ని బోర్లతో చేశారో అడగండి. నేల పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 ప్రకారం 0.4 హెక్టార్ల స్థలానికి, అంటే సరిగ్గా ఎకరానికి, నాలుగు మూలలా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి ఉండాలి. ఒక్క బోరు రిపోర్టుతో సరిపెట్టడం చాలాచోట్ల జరిగేదే. పాత చెరువులో ఆ మూలకీ ఈ మూలకీ నేల ఒకలా ఉండదు.

ఇప్పటికే ఉన్న బీటల మీద చిన్న గాజు ముక్కను రెండు అంచులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. బీట పాతదా కొత్తదా అన్న వాదనకు అదే జవాబు.

కోడు_లెక్క

మెరక సంగతి పైన బాగా చెప్పారు. నేను మురుగు ఒక్కటే చెబుతాను.

గట్టున్న చేను తన మీద పడ్డ వానను తనలోనే ఆపుకుంటుంది. జానెడు గట్టుంటే 100 మిల్లీమీటర్ల వాన కూడా బయటికి రాదు. ఎకరం మీద 100 మిల్లీమీటర్లు అంటే 4 లక్షల లీటర్లు. సిమెంటు, టైల్స్ పరిచాక అందులో పదింట 9 వంతులు రోడ్డు మీదికి వస్తాయి. తుఫాను వాన గంటకు 50 మిల్లీమీటర్లు పడుతుందనుకుంటే ఆ ఎకరం నుంచి సెకనుకు 50 లీటర్లు దిగుతాయి.

మీ కాలువ అడుగున్నరకి అడుగున్నర. మన దగ్గర వాలు దొరకదు, 3,000 అడుగులకు ఒక అడుగు దొరికితే గొప్ప. ఆ వాలులో శుభ్రంగా ఉన్న కాలువ నిండుగా పారితే సెకనుకు 70 లీటర్లు. సగం పూడిక ఉంటే 30కి పడిపోతుంది. అంటే కాలనీ నీళ్లు ఒక్క చుక్క కలపకుండానే, ఆ ఎకరం నీళ్లే పూడిన కాలువను పొర్లిస్తాయి. ఈ మూడు అంకెలు అర్జీలో రాయండి, ఇంజినీరు చదివితే కాదనలేడు. పనిలో పనిగా మీ ఇళ్ల ముందు ర్యాంపుల కింద వేసుకున్న అడుగు పైపులు కూడా చూసుకోండి. కాలువ అడుగున్నర ఉండి పైపు అడుగే ఉంటే కాలువ సామర్థ్యం ఆ పైపుదే. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు వేలెత్తి చూపేది దాన్నే.

అడగాల్సింది ఏమిటంటే, వాన నీటిని స్థలంలోనే ఆపి సెకనుకు 10 లీటర్లకు మించకుండా వదలాలి. గంట వానకు 150 ఘనపు మీటర్ల జాగా కావాలి. 4 అడుగుల లోతుతో 125 చదరపు మీటర్లు, అంటే 3 సెంట్ల పైన. భూమిలో మూసిన ట్యాంకు కడతామంటే జాగ్రత్త. వానాకాలంలో నేలలో నీళ్లు పైకి వచ్చినప్పుడు ఖాళీ ట్యాంకును కింద నుంచి నీళ్లు ఎత్తేస్తాయి, స్లాబు పగులుతుంది. పల్లంగా వదిలిన పచ్చిక జాగా మేలు. వాన లేనప్పుడు పిల్లలు ఆడుకుంటారు, వాన వస్తే నిండుతుంది.

ఇంకుడు గుంత చూపించి సరిపెడితే ఒప్పుకోకండి. బంకనేలలో, మీటరు లోతులో నీళ్లున్న చోట, ఇంకుడు గుంత వానాకాలం మొదట్లోనే కింద నుంచి నిండిపోయి ఉంటుంది. ఆ డబ్బుతో డాబా నీళ్లు సంపులో పట్టుకోవడం మంచిది, ఉప్పు బోర్ల ఊళ్లో ఆ నీళ్లకు విలువ ఉంది.

కోడులో కాలువ కలిసే చోట ఫ్లాప్ తలుపు (నీళ్లను బయటికే వదిలి, వెనక్కి రానివ్వని తలుపు) కావాలి. యనమదుర్రు పొంగితే కోడు వెనక్కి తంతుంది, తలుపు లేకపోతే ఆ మురుగు మీ వీధిలోకే వస్తుంది. తలుపు మూసుకున్న గంటల్లో లోపలి నీళ్లకు చోటు కావాలి కాబట్టే ఆ 3 సెంట్లు. కోడులో గుర్రపుడెక్క తీయించడం ఏటా జూన్ లోపు జరగాలి.

శివారు_కాలనీ

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలండి. ఇంకో రెండు సందేహాలు. ఆ చేలోంచి ఎగువ రైతుల మురుగు బోదె ఒకటి వెళ్లేది, మట్టి తోలి పూడ్చేశారు. ఎఫ్ఎంబీలో (రెవెన్యూ సర్వే నక్షలో) ఆ బోదె కనపడటం లేదు. రెండోది, మురుగుకు ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) పెడతామంటున్నారు, మంచినీళ్లకు పంచాయతీ కనెక్షన్ అడుగుతారట. ఇవి కుదిరే పనేనా?

కోడు_లెక్క

ఎఫ్ఎంబీలో లేనంత మాత్రాన బోదె లేనట్టు కాదు. పట్టా భూమిలో రైతులు సర్దుబాటుగా తీసుకున్న బోదెలు చాలావరకు నక్షలో ఉండవు. 20 ఏళ్లుగా అడ్డులేకుండా నీళ్లు పోతున్నాయని చూపించగలిగితే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ కింద ఎగువ రైతుకు హక్కు ఉంటుంది. అర్జీ ఆ రైతుల పేరున వెళ్లాలి, మీరు సాక్షులుగా ఉండండి. పాత ఉపగ్రహ చిత్రాల్లో ఏడాదేడాదికీ ఆ బోదె గీత కనపడుతుంది, అవి ప్రింటు తీసి జత చేయండి. పూడ్చిన చోట పైపు వేస్తామంటే 2 అడుగుల కంటే తక్కువ వ్యాసానికి ఒప్పుకోవద్దు, చెత్త పడితే తీయడానికి మధ్యమధ్యలో చాంబర్లు ఉండాలి.

మంచినీళ్ల_చెరువు

నీళ్ల లెక్క ఇదిగో. మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. 60 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, రోజుకు 32,400 లీటర్లు. చెరువు నింపే సాగునీటి కాలువలు పారే రోజుల్లో ఇది పెద్ద సమస్య కాదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడే తెలుస్తుంది. నెలన్నర కాలువ రాకపోతే 45 రోజులకు 14.6 లక్షల లీటర్లు నిల్వ ఉండాలి. 3 మీటర్ల లోతు చెరువులో అది 12 సెంట్ల జాగా, ఎండకు ఆవిరయ్యేది కాకుండా. పంచాయతీ చెరువు పెరగలేదు, ట్యాంకు పెరగలేదు, కనెక్షన్లు మాత్రం పెరిగితే రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు మూడు రోజులకొకసారి అవుతాయి. కాబట్టి పంచాయతీని అడగాల్సింది కనెక్షన్ ఇస్తారా అని కాదు. సమ్మర్ స్టోరేజీ చెరువు సామర్థ్యం ఎంత, ఇప్పుడు ఎంతమందికి సరిపోతోంది, అదనపు 240 మందికి నిల్వ ఎక్కడ, ఖర్చు ఎవరిది. ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు అడగండి.

బోరు వేసుకుంటామంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి ఉండాలి. పైపొరలో కాస్త మంచినీళ్లు ఉన్నా పెద్ద మోటారుతో తోడితే కింది ఉప్పునీళ్లు పైకి ఎక్కుతాయి. ఒక్కసారి ఎక్కితే చుట్టుపక్కల ఇళ్ల చేతిపంపులూ పోతాయి.

ఎస్టీపీ విషయం. వాడిన నీళ్లలో 80 శాతం మురుగు, రోజుకు 26,000 లీటర్లు. పర్యావరణ అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచే కావాలి. 60 ఫ్లాట్లు 1,200 అడుగుల చొప్పున 6,700 చదరపు మీటర్లు దాటవు. ఆ దారిలో వచ్చే షరతులు వీళ్లకు వర్తించవు కాబట్టి ప్లాన్ అనుమతిలో ఎస్టీపీ షరతు ఉందో లేదో మీరే చూసుకోవాలి. లేకపోతే కట్టేది సెప్టిక్ ట్యాంకు, దాని పొంగు నీళ్లు మీ కాలువలోకి. బంకలో సోక్‌పిట్ పని చేయదు, ఇంకుడు గుంతకు చెప్పిన కారణమే. ట్యాంకు అయినా ఒక రోజు మురుగుకు 26 ఘనపు మీటర్లు, మడ్డికి మరో అంత, 50 దాటాలి. ప్లాన్‌లో 15, 20 చూపిస్తే అది నెలల్లో నిండుతుంది. తర్వాత రాత్రిపూట ట్యాంకరు, ఆ మడ్డి ఏ కోడులో కలుస్తుందో చెప్పక్కర్లేదు.

ఎస్టీపీ పెట్టినా పాడయ్యేది మిషను వల్ల కాదు. గాలి ఊదే బ్లోయరు రోజంతా తిరగాలి. అసోసియేషన్‌కు కరెంటు బిల్లు బరువై పూటకొకసారి వేస్తారు, లోపలి సూక్ష్మజీవులు చస్తాయి, కంపు మొదలవుతుంది, ఇక మొత్తం ఆపేసి పక్కదారి పైపు తిప్పేస్తారు. ఆ పక్కదారి పైపు అసలు ఉండకూడదని షరతు అడగండి. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లకు, చెట్లకు పోయేలా వేరే పైపులైను ఉంటేనే ఎస్టీపీ నడపాలన్న అవసరం వాళ్లకూ ఉంటుంది.

ఊళ్లో_వరి

ఒక మాట. అపార్ట్‌మెంటే వద్దనే వాళ్లకు. ఆ 60 కుటుంబాలు 5 సెంట్ల చొప్పున విడి ఇళ్లు కట్టుకుంటే 3 ఎకరాలు ఇళ్లకే పోతాయి, రోడ్లు, 10 శాతం ఖాళీ జాగా కలిపితే 4 ఎకరాలు దాటుతుంది. ఆ నాలుగూ రెండు పంటలు పండే చేలు. ఒక్కొక్కరు మెరక చేసుకుంటూ పోతే ఏ ఒక్కరినీ లెక్క అడగలేరు. ఇక్కడ ఒక ఎకరానికి ఒక అనుమతి, ఒక సంతకం. షరతులు పెట్టించుకునే వీలు ఇక్కడే ఎక్కువ. జువ్వలపాలెం రోడ్డు వైపైనా, ఉండి రోడ్డు వైపైనా ఊరు పెరగక మానదు. ఎలా పెరగాలో అడగడం మన చేతిలో ఉంది.

ప్లాన్_ఫైలు

కాగితాల దారి చెబుతాను.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. బోర్డు మీద రెరా నంబరు ఉందా? నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే 2016 చట్టం 3వ సెక్షన్ ఉల్లంఘన. జరిమానా ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా ఉంటుంది. నంబరుంటే ఏపీ రెరా సైటులో మంజూరైన ప్లాన్ చూడొచ్చు.

ప్లాన్ అనుమతి ఇచ్చిన కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై కార్యాలయాల్లో 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు. "పూర్తి ఫైలు ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపుతారు. పేరు పెట్టి అడగండి: లెవెల్స్‌తో ఉన్న సైటు ప్లాన్, సాయిల్ రిపోర్టు, అనుమతి ఉత్తర్వులోని షరతులు, మురుగు ఎక్కడ కలుపుతారో చూపే డ్రాయింగ్, మంచినీటి వనరు మీద పంచాయతీ లేఖ, తనఖా పత్రం. ఆ చివరిది ముఖ్యం. ఇలాంటి కట్టడాల్లో నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చు అనే పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. ప్లాన్ తప్పితే సర్టిఫికెట్ ఆగాలి, అది ఆగితే తనఖా ఫ్లాట్లు అమ్ముకోలేరు. మీరు అడిగిన షరతులు అనుమతి ఉత్తర్వులో అక్షరాలా ఉండాలనేది అందుకే. నోటిమాటగా బిల్డరు ఒప్పుకున్నది సర్టిఫికెట్ ఇచ్చే రోజున ఎవరూ చూడరు.

అర్జీ ఒకటే రాసి నాలుగు చోట్లకు పంపకండి. మంచినీళ్లు, రోడ్డు పంచాయతీకి. ప్లాన్, లెవెల్స్, తనఖా అనుమతి ఇచ్చిన కార్యాలయానికి. కోడు, బోదె జలవనరుల శాఖలోని డ్రెయిన్ల విభాగానికి. ట్రాన్స్‌ఫార్మరు స్థలం లోపలే పెట్టాలని కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు. 60 ఫ్లాట్లు 5 కిలోవాట్ల చొప్పున 300, అందరూ ఒకేసారి వాడరు కాబట్టి సగం లెక్కేసినా 160 కేవీఏ దాటాలి, మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు మీద వేస్తే వేసవి రాత్రుళ్లు ఫ్యూజులు పోతాయి. ఒక్కో కాగితం ఒక పేజీ దాటకూడదు. వీటి ప్రతులు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి, తర్వాత ఎవరిని అడిగినా ఆ నంబరుతోనే అడగాలి.

శివారు_కాలనీ

చాలా స్పష్టంగా ఉందండి. చివరగా ఒకటి. మట్టి ఇంకా తోలుతూనే ఉన్నారు. రోడ్డు మీదికి 2 అడుగులే లేపారా, 3 లేపారా అన్నది మేమే కొలుచుకునే దారి ఉందా, సర్వేయరు రావాలా?

పునాది_పని

సర్వేయరు అక్కర్లేదు. మేస్త్రులు వాడే నీళ్ల లెవెల్ పైపు చాలు. పారదర్శకంగా ఉండే అర అంగుళం పైపు 100 అడుగులు తీసుకోండి. నీళ్లు నింపి లోపల గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి, బుడగ ఉంటే కొలత తప్పుతుంది. కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకు స్తంభం కానీ, పాత కల్వర్టు గోడ కానీ. కొత్త ప్రహరీ వద్దు, అది కుంగుతుంది. రోడ్డు మధ్య మట్టాన్ని ఆ గుర్తు మీదికి తెచ్చి పెయింటుతో గీత గీయండి. ఇంటి గడపల ఎత్తు, కాలువ అడుగు, కోడు నీటిమట్టం కూడా ఆ గీత నుంచే కొలిచి ఒక కాగితం మీద రాసి కాలనీ వాళ్లందరూ సంతకాలు పెట్టండి. హద్దు మీద నిలబడి మెరక అంచును వారానికోసారి అదే గీతతో సరిచూడండి. మంజూరైన ప్లాన్‌లోని లెవెల్ చేతికి వచ్చిన రోజున ఈ కాగితం పక్కన పెట్టి చూస్తే ఎన్ని అంగుళాలు ఎక్కువ తోలారో అక్కడికక్కడే తేలుతుంది. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు పైన ఇంకో 6 అంగుళాలు పోస్తారు కదా, అప్పుడు కూడా ఈ గీతే పనికొస్తుంది. పాత సీసీని తవ్వి తీసేశాకే కొత్తది పోయాలని పంచాయతీకి ఇచ్చే కాగితంలో ఇప్పుడే ఒక వాక్యం చేర్చండి.